అమాయకుడి ఓటు, గంపగుత్త ఓటు

ఎన్నికలు అయిపోయిన మర్నాడు మన పత్రికలు రెండు మాటలు తప్పకుండా రాస్తాయి. ఒకటి మన గురించి: ముస్లింల ఓట్లు గంపగుత్తగా ఫలానా పార్టీకి పడ్డాయని. రెండోది కొండల్లో ఉన్నవాళ్ళ గురించి: అమాయక గిరిజనులు మైళ్ళ దూరం నడిచొచ్చి ఓటేశారని. పక్కనే ఒక ఫొటో. మనకైతే బురఖాల్లో వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు. వాళ్ళకైతే ముక్కుకు నత్తులు పెట్టుకున్న ముసలమ్మ, సిరా చుక్కతో ఎత్తి చూపించిన వేలు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను ఈ రెండు ఫొటోల్ని. ఆ ముసలమ్మ ఏమనుకుని ఓటేసిందో అడిగి రాసిన పత్రిక ఒక్కటీ నాకు కనబడలేదు.

గంపగుత్త అన్నా అమాయకత్వం అన్నా చివరికి చెప్పేది ఒకటే. ఓటేసిన మనిషికి సొంత ఆలోచన లేదని. మనం ముల్లా చెబితే వేస్తాం, వాళ్ళు సారా పోస్తే వేస్తారు. అదే పెద్ద కులాల వాళ్ళు కులం చూసుకుని వేస్తే దానికి ‘సామాజిక సమీకరణ’ అని గౌరవమైన పేరు.

మన అస్తిత్వం గురించి మనం మాట్లాడుకుంటున్నప్పుడు అరకు, పాడేరు కొండల సంగతి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. వాళ్ళ ఓటు చరిత్రలో మన చరిత్ర ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. అందుకని.

ఈ కొండలకు ఏజెన్సీ అనే పేరు 1839 నాటి చట్టంతో స్థిరపడింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు, మామూలు చట్టాలు నడవవనీ, కలెక్టరే ఏజెంటు హోదాలో అన్నీ చూసుకుంటాడనీ ఆ చట్టం చెప్పింది. 1874లో వీటిని షెడ్యూల్డ్ జిల్లాలన్నారు. 1919 చట్టంలో వెనకబడ్డ ప్రాంతాలన్నారు. 1935 చట్టానికి వచ్చేసరికి ‘మినహాయించిన’, ‘పాక్షికంగా మినహాయించిన’ ప్రాంతాలన్నారు. ఇందులో కొంత రక్షణ ఉన్న మాట నిజం. మైదానం షావుకారు కొండవాళ్ళ భూమి కాజేయకుండా 1917లోనే ఒక చట్టం తెచ్చారు. కొండకు వ్యాపారానికి ఎక్కినవాళ్ళలో మన సాయిబులూ లేకపోలేదు కాబట్టి ఆ రక్షణ ఎవరి నుంచి అనేది మనమూ గుర్తుంచుకోవాలి. కానీ రక్షణ ఇస్తున్నామంటూ దొరలు చేసిన రెండో పని, కొండ మనిషిని మైనరు పిల్లవాడి లెక్కలో రాసుకోవడం. పిల్లవాడికి సంరక్షకుడుంటాడు, ఓటుండదు.

1936లో ఈ మినహాయింపుల జాబితా ప్రకటించారు. మద్రాసు రాష్ట్రం వరకు అది చాలా చిన్న జాబితా. పాక్షికంగా మినహాయించినవి తూర్పు గోదావరి ఏజెన్సీ, ఒరిస్సాకు పోగా మిగిలిన విశాఖ ఏజెన్సీ. మరి పూర్తిగా మినహాయించినవి? లక్కదీవులు, మినికాయ్, అమినిదీవులు. అంటే అరేబియా సముద్రం మధ్యనున్న ముస్లిం పల్లెకారులనూ, తూర్పు కనుమల్లోని బగతలు, కొండదొరలు, వాల్మీకులు, పోర్జలు, గదబలు, కోందులనూ ఒకే కాగితం మీద ఎక్కించారు. ఒకరికి కొబ్బరీ చేపలూ, ఇంకొకరికి చోళ్ళూ సామలూ. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు. ఇద్దరికీ కలిసిందల్లా, ‘వీళ్ళు ఇంకా తయారు కాలేదు’ అని ఎక్కడో కూర్చున్న ఒక అధికారి పెట్టిన సంతకం.

ఇదే కాలంలో మైదానం ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలుండేవి. 215 స్థానాల మద్రాసు శాసనసభలో మనకు 28, అవి కాక ముస్లిం స్త్రీలకు ఒకటి. ‘వెనకబడ్డ ప్రాంతాలు, తెగలు’ పేరిట మొత్తం రాష్ట్రానికి దక్కింది ఒక్కటే. ఈ 28ని తలుచుకుని ఈనాటికీ నిట్టూర్చే పెద్దలు మనలో ఉన్నారు. ఆ 28కి ఓటేసిందెవరు? పన్ను కట్టేవాడు, భూమి ఉన్నవాడు, చదువుకున్నవాడు. దూదేకుల సాయిబు వేశాడా? గాజుల మలారం మోసినవాడు వేశాడా? జట్కా తోలినవాడు వేశాడా? నవాబుల ఓటును మన ఓటని చెప్పుకోవడం మానేస్తే మంచిది. మన తాతల్లో చాలామందికీ, అరకు కొండల్లో పోడు కొట్టుకునేవాడికీ ఓటు ఒకేసారి వచ్చింది, ఒకే రాజ్యాంగంతో.

ఆ రాజ్యాంగం రాసేటప్పుడు 1949లో మతపరమైన మైనారిటీలకు చట్టసభల్లో స్థానాలు కేటాయించే ఆలోచన విరమించుకున్నారు. ఆదివాసులకు, దళితులకు కేటాయింపు నిలిచింది. మంచిదే. అయితే 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదా హిందువులకే అని గీత గీసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. పాకీ పని చేసే ముస్లిం ఇప్పటికీ గీత అవతలే ఉన్నాడు. తెగల విషయంలో మాత్రం మతం అడ్డు పెట్టలేదు. అందుకే లక్షద్వీప్ ముస్లింలు షెడ్యూల్డ్ తెగలయ్యారు. ఆ లోక్‌సభ స్థానం ఎస్టీ రిజర్వుడు. ముస్లిం అంటే ఒకటే మూస అనుకునేవాళ్ళకు ఈ ముక్క చెప్పి చూడండి, సగం మంది నమ్మరు.

కొండ మీద మొదటి ఓటు 1952లో పడింది. అప్పటి పద్ధతి ఇప్పటివాళ్ళకు తెలియదు. కాగితం మీద ముద్ర వేయడం 1960ల నాటి మాట. మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. తెర వెనక్కి పోయి, నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి రావాలి. చదువు లేనివాడికి అంతకంటే సులువు లేదు. దేశంలో కొన్నిచోట్ల జనం ఆ పెట్టెలకు పసుపూ కుంకుమా పెట్టారనీ, లెక్కింపులో చీటీలతో పాటు అర్జీలు, చిల్లర డబ్బులు కూడా బయట పడ్డాయనీ ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. ఇందులో నవ్వడానికేముంది? సర్కారు తన ఊరికి వచ్చి చెవి దగ్గర పెట్టిన మొదటి రోజది. ఆ చెవిలో కష్టం చెప్పుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు గదా!

అప్పటి ఓటర్ల జాబితా సంగతి ఇంకొకటి ఉంది. తమ పేరు చెప్పకుండా ఫలానావాడి పెళ్ళాన్ననీ, ఫలానావాడి తల్లిననీ చెప్పిన 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారు. ఎక్కువ మంది ఉత్తరాది వాళ్ళే. పేరు లేకపోతే మనిషి లేదన్న పాఠం మాత్రం దేశమంతటికీ తగిలింది. మా నానీ పేరు జాబితాలో మూడు ఎన్నికల్లో మూడు రకాలుగా వచ్చింది. ఒకసారి ఇంటి పేరే ఆమె పేరైంది, ఇంకోసారి ఆమె మగవాడైంది. ఆమె ఏమీ అనేది కాదు. చీటీ చేతిలో పట్టుకుని ‘ఇది నేనే’ అని ఏజెంట్లందరికీ ఒకే గొంతుతో చెప్పి లోపలికి పోయేది. కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టుకునేవాళ్ళు చాలామంది. ఒక పల్లెలో నలుగురు సోమన్నలు, ముగ్గురు బుద్రులు. తెలుగు వచ్చిన గుమాస్తా కువి మాట్లాడేవాడి పేరు తనకు వినబడ్డట్టు రాసుకుంటాడు. ఆ తర్వాత ఆ మనిషే తన పేరు తప్పు చెబుతున్నాడంటాడు.

ఆ 1952లో ఈ కొండలు ఎవరిని పంపాయో చూడండి. విశాఖపట్నం అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. ఒక మామూలు స్థానం, ఒక ఎస్టీ స్థానం, ఓటరుకు రెండు ఓట్లు. మామూలు స్థానానికి లంకా సుందరం, ఎస్టీ స్థానానికి గాం మల్లుదొర. ఇద్దరూ స్వతంత్రులే. స్వాతంత్ర్యం తెచ్చామని ఊరూరా చెప్పుకుంటున్న కాంగ్రెస్ గెలవలేదక్కడ. ఈ మల్లుదొర ఎవరు? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు ఎత్తుకుపోయిన అల్లూరి సీతారామరాజు దళంలో ముఖ్యుడు. అతని సోదరుడు గంటందొర 1924లో పోలీసు తూటాకు పోయాడు. మల్లుదొర పట్టుబడి ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించాడు. ఆ మనిషిని ఢిల్లీకి పంపిన ఓటు అమాయకమా? ముప్పై ఏళ్ళ నాటి లెక్క గుర్తుపెట్టుకుని వేసిన ఓటది. ద్విసభ్య పద్ధతిలో మైదానం వాళ్ళ ఓట్లూ అందులో కలిశాయన్నది ఒప్పుకోవాల్సిందే. 1961లో ఆ పద్ధతి ఎత్తేశారు.

అల్లూరి మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఆయన మీద సానుభూతితో పైడిపుట్టలో భూమి ఇప్పించిన పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్. సర్కారు నౌకరీలో ఉన్న ఒక ముస్లిం. అల్లూరి విగ్రహం ముందు దండలు వేసేవాళ్ళు ఈ పేరు ఎత్తగా నేను వినలేదు. మనవాళ్ళు కూడా ఎత్తరు. మనకు టిప్పు సుల్తాను దాకా పోతే గాని తృప్తి ఉండదు.

తరవాతి కాలం తేలిగ్గా గడవలేదు. ముఠాదారీ పద్ధతి 1969 రెగ్యులేషన్‌తో గాని రద్దు కాలేదు. అంతవరకు పల్లెల మీద ముఠాదారు పెత్తనం కింద పడిన ఓట్లు ఎంత స్వేచ్ఛగా పడ్డాయో ఊహించుకోవచ్చు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఆదివాసులను కాల్చి చంపాక శ్రీకాకుళం కొండలు అంటుకున్నాయి. ఎన్నికలు బహిష్కరించండన్న పిలుపు వచ్చింది. అప్పటి నుంచి కొండ మీద ఓటుకు రెండు వైపులా తుపాకీ నిలబడింది. ఓటేస్తే అన్నలు అడుగుతారు. వేయకపోతే పోలీసులు అడుగుతారు. దొంగ ఓటు ఆపడానికి పెట్టిన సిరా చుక్క ఇక్కడ వేరే పని చేసింది. చెరిపినా చెరగని సాక్ష్యం అది. వేలు చూడగానే ఆ మనిషి ఏ మాట విన్నాడో తెలిసిపోతుంది. రహస్య ఓటు అంటారు. ఎవరికి వేశావన్నది రహస్యమే. వేశావా లేదా అన్నది మాత్రం వారాల తరబడి ఒంటి మీద మోసుకు తిరగాలి. కలవరం రేగిన ఊళ్ళో టోపీ పెట్టుకుని బయటికి పోవడానికి జంకిన రోజులున్న మనకు, ఒంటి మీది గుర్తు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పోలింగు రోజు ఎలా నడుస్తుందో చూద్దాం. భద్రత పేరు చెప్పి లోపలి పల్లెల కేంద్రాలను రోడ్డు దగ్గరికి, స్టేషన్ దగ్గరికి మారుస్తారు. ముంచింగిపుట్టు, పెదబయలు లాంటి మండలాల్లో ఇది మామూలు సంగతి. కాగితం మీద అది కేంద్రం మార్పు. కాళ్ళకైతే కొండ దిగి, గెడ్డ దాటి, మళ్ళీ కొండెక్కడం. చీకటితోనే చోడి అంబలి తాగి బయలుదేరాలి. చంటిపిల్ల వీపున, ముసలాళ్ళు వెనక. నడవలేనివాళ్ళ సంగతి వాళ్ళ ఇంట్లోవాళ్ళ భుజాల మీద ఆధారపడి ఉంటుంది. 2024 మే 13న రాష్ట్రంలో మామూలు నియోజకవర్గాల్లో సాయంత్రం 6 దాకా పోలింగు జరిగింది. అరకులోయ, పాడేరు, రంపచోడవరాల్లో 4 గంటలకే ఆపేశారు. చీకటి పడకముందే సిబ్బంది, యంత్రాలు కొండ దిగాలి గదా. ఆ కారణం న్యాయమే. ఎటొచ్చీ, ఇంటి పక్కనే బడి ఉన్న పట్నం ఓటరుకు రెండు గంటలు ఎక్కువ, పొద్దున్నించి నడిచేవాడికి రెండు గంటలు తక్కువ.

లోపల యంత్రం మీద పేర్లు తెలుగులో ఉంటాయి. ఇంట్లో మాట్లాడేది కువి, లేదా ఆదివాసీ ఒడియా. కాబట్టి గుర్తే దిక్కు. శాసనసభకు ఒక యంత్రం, లోక్‌సభకు ఒకటి. అడుగున నోటా బొత్తాం, సుప్రీంకోర్టు 2013 తీర్పుతో వచ్చింది. 2019లో అరకు లోక్‌సభ స్థానంలో ఆ బొత్తాం నొక్కినవాళ్ళు 47,977 మంది. దేశంలో అంత పెద్ద అంకె వచ్చిన స్థానాలు ఒకటో రెండో. వెంటనే అందరూ ఒకే మాట అన్నారు: పాపం, తెలియక నొక్కారని.

కొందరు తెలియకే నొక్కి ఉండొచ్చు. అందరూ అంతేనని ఎవరు తేల్చారు? ఆ 2019కి ముందు ఐదేళ్ళలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. 2014లో ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు అధికార పార్టీలోకి పోయాడు. అదే పార్టీ గుర్తు మీద గెలిచిన ఎంపీ కొత్తపల్లి గీత కూడా ఆ పార్టీకి దూరమైంది. ఓటేసినవాళ్ళను ఒక్క మాట అడగలేదు. బాక్సైట్ వద్దని కొండలు మొత్తుకుంటుంటే 2015లో జీవో 97 వచ్చింది. రద్దు కావడానికి 2019 ఎన్నికలు అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కిడారినీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ కాల్చి చంపారు. ఎమ్మెల్యేను లెక్క అడిగే హక్కు ఓటరుది. ఆ హక్కును గెలిచినవాడు ఒక చేత్తో, చంపినవాడు ఇంకో చేత్తో లాక్కున్నారు. ఇదంతా కళ్ళారా చూసిన మనిషి, మీలో ఎవరూ వద్దని నొక్కితే అది తెలివితక్కువా? హైదరాబాద్‌లో చదువుకున్నవాడు నోటా నొక్కితే చైతన్యం. అరకులో నొక్కితే అజ్ఞానం.

గంపగుత్త అనే మాట కూడా ఈ కొండల మీద నిలబడదు. 2004లో చింతపల్లి సీపీఐ అభ్యర్థి గొడ్డేటి దేముడును గెలిపించింది. పక్కనే పాడేరు బీఎస్పీ నుంచి లకే రాజారావును పంపింది. ఒకే కొండ వరస, ఒకే రోజు, రెండు దారులు. 2009లో కొత్తగా ఏర్పడిన అరకు లోక్‌సభ స్థానం కాంగ్రెస్ నుంచి కిశోర్ చంద్రదేవ్‌ను పంపింది. 2024లో రాష్ట్రమంతా ఒక వైపు గాలి వీచి వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 స్థానాలే మిగిలితే అందులో అరకులోయ, పాడేరు రెండూ ఉన్నాయి. లోక్‌సభలో ఆ పార్టీకి మిగిలిన నాలుగింటిలో అరకు ఒకటి. అదే రోజు రంపచోడవరం తెలుగుదేశానికి వేసింది. ఏది మంచి ఓటు, ఏది చెడ్డ ఓటు అని నేను చెప్పడం లేదు. ఎవరి లెక్క వాళ్ళు వేసుకున్నారు. మన పేటల్లో కూడా అంతే. ఒకే గల్లీలో అన్న ఒక జెండా, తమ్ముడు ఇంకో జెండా కడతారు. ఆడవాళ్ళు ఇద్దరికీ చెప్పకుండా మూడోదానికి వేసి వస్తారు.

రిజర్వుడు స్థానం వల్ల కొండవాళ్ళకు ఒరిగిందేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. సభలో కుర్చీ ఉంది, నిజమే. మనకు అదీ లేదు. ఆ కుర్చీలో కూర్చున్నది ఆదివాసీయే అయినా టికెట్టు రాసిచ్చే చెయ్యి మైదానంలో ఉంటుంది. కోందులు, పోర్జలు, గదబల లాంటి చిన్న తెగల నుంచి ఎవరైనా ఆ కుర్చీ దాకా రావడం మరీ కష్టం. మనలో అష్రాఫులకూ, దూదేకుల, గరడీ సాయిబులకూ ఉన్న దూరం లాంటిదే కొండ మీద కూడా ఉంది.

ఇక కొటియా సంగతి. సాలూరు పక్కన ఆంధ్రకూ ఒడిశాకూ మధ్య ఇరవై చిల్లర పల్లెల తగాదా. 1968లో సుప్రీంకోర్టు ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. 2006లో ఒడిశా వేసిన దావా సాంకేతిక కారణాలతో కొట్టేశారు గాని యథాతథ స్థితి అలాగే ఉంది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. ఆ పల్లెల్లో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్ళున్నారు. 2024 మే 13నే అటు కొరాపుట్‌లోనూ ఇటు అరకులోనూ పోలింగు వచ్చింది. రెండు సర్కార్లూ మీరు మావాళ్ళంటే మావాళ్ళని రోడ్లు, రేషను, పింఛన్లు పట్టుకుని పోటీ పడ్డాయి. రెండు కార్డులుండటం చట్టం ఒప్పుకోదు. కానీ ఆ కొండ మనిషి ఎన్నడూ ఏ గీతా గీయలేదు. ఇద్దరు వచ్చి రెండు కార్డులిస్తే రెండూ తీసుకున్నాడు. ఇక్కడ పుట్టి ఇక్కడే మట్టిలో కలిసే మనల్ని మాత్రం, నీది ఏ దేశమని అడిగేవాళ్ళకు లోటు లేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు జాబితాలోకి కూడా వచ్చింది. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ చేపట్టారు. ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్ళు, వలస పోయినవాళ్ళు, రెండుసార్లు నమోదైనవాళ్ళు అన్నారు. బతికి ఉండి పేరు పోయినవాళ్ళు కోర్టు దాకా వచ్చారు. అక్కడ అడిగిన 11 రకాల కాగితాల్లో పుట్టిన తేదీ పత్రం ఒకటి, పాస్‌పోర్టు ఒకటి, అటవీ హక్కు పత్రం ఒకటి. పోడు పట్టా ఉన్న ఆదివాసికి అది ఆధారమైంది. పట్టా రానివాడు ఏం చూపిస్తాడు? కొండలో పుట్టి వారం పేరు తప్ప తేదీ తెలియని ముసలమ్మ ఏం చూపిస్తుంది? జాబితాలో మూడు రకాలుగా రాయించుకున్న మా నానీ లాంటిది, ఏ పేరు మీద ఏ కాగితం తెస్తుంది?

రెండో విడత సవరణ 2025 నవంబరు 4న మొదలైంది, 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో. బస్తర్ కొండలున్న ఛత్తీస్‌గఢ్ అందులో ఉంది. లక్షద్వీప్ కూడా ఉంది. 1936 కాగితంలో ఈ కొండల పక్కన పేరున్న ఆ దీవులకు ఓటు 1952లో రాలేదు. వాళ్ళ తరఫున రాష్ట్రపతి ఒకరిని నామినేట్ చేసేవాడు. దీవుల్లో మనిషి క్యూలో నిలబడి లోక్‌సభకు సొంతంగా ఓటేసింది 1967లో, పి.ఎం. సయీద్ గెలిచిన ఎన్నికలో. కొండకు 15 ఏళ్ళ తరవాత.